తూర్పున అరవై ఏడు మీటర్లు

మా ఆఫీసులో ఒక ఫైలు ఉంది. దాని మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. "విశ్రాంత లెక్కల గుమాస్తా పొరపాటు వల్ల సరిహద్దు స్తంభాలు దగ్గరగా పాతబడినవి." అంతే. కింద ముద్ర, ముద్ర మీద గిలికిన పొడి సంతకం. ఆ లెక్కల గుమాస్తా మా మేనత్త. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగేళ్ళుగా మండుతూనే ఉంది. నోరు మూసుకుని ఇంక ఉండలేక ఇది రాస్తున్నాను.

మా మేనత్త సర్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసింది. అక్కడ ఆమె పనేమిటో మా ఇంట్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. బయట నుంచి సర్వేయరు ఒక కాగితం పంపిస్తాడు. "ఫలానా రాయి దగ్గర ఉన్నాను, ఇక్కడి నుంచి ఫలానా దిక్కుకి ఇన్ని మీటర్ల దూరంలో ఇంకో రాయి పాతాలి, అది సరిగ్గా ఎక్కడ పడుతుందో చెప్పండి" అని. మొదటి రాయి అక్షాంశం, రేఖాంశం తెలుసు. దూరం తెలుసు, దిక్కు తెలుసు. రెండో రాయి అక్షాంశం, రేఖాంశం ఎంతో లెక్క కట్టి చెప్పాలి. ఆ అంకెలు పట్టుకుని సర్వేయరు వెళ్ళి రాయి పాతిస్తాడు. ఆ రాయిని బట్టి ఒకరి పొలం ఆగుతుంది, ఇంకొకరి గోడ లేస్తుంది. మా మేనత్త చెప్పిన చోట పాతిన రాయిని మళ్ళీ పీకి ఇంకోచోట పాతిన దాఖలా ఒక్కటీ లేదు. ఈ మాట నేను అభిమానం కొద్దీ చెప్పడం లేదు. రిజిస్టర్లు తిరగేసి చూసి చెబుతున్నాను.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉండేది. కిటికీ కింద బల్ల, బల్ల మీద అరిగిపోయిన లెక్కల పట్టికల పుస్తకం, ఒక ఎర్రసిరా బుడ్డి, తలుపు వెనక నల్లగొడుగు. బంధువులెవరైనా వచ్చి "నీకంటూ ఒక దిక్కుండొద్దా?" అని సాగదీస్తే, "నాకు ఎనిమిది దిక్కులూ ఉన్నాయి, ఏది కావాలో చెప్పు, లెక్క కట్టి ఇస్తా" అనేది. ఇంక వాళ్ళు ఆ ఊసెత్తేవాళ్ళు కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ లెక్క నాకు గొడుగుతో చెప్పింది. గొడుగు విప్పి నేల మీద పెట్టి, "ఈ ఊచలు చూడవే. అంచు దగ్గర ఊచకీ ఊచకీ మధ్య ఎంత ఎడముంది? జానెడు పైనే. పైకి పోయేకొద్దీ?" అంది.

"దగ్గరపడుతున్నాయి."

"మొన దగ్గర?"

"అన్నీ కలిసిపోయాయి."

"రేఖాంశాలు కూడా అంతే. భూమధ్యరేఖ దగ్గర డిగ్రీకి నూట పదకొండు కిలోమీటర్లు. మన ఊరు దగ్గరికొచ్చేసరికి అదే డిగ్రీ తొంభై ఆరు కిలోమీటర్లకి కుంచించుకుపోతుంది. ఉత్తరం దక్షిణం వెళ్ళేవాడికి ఈ గొడవ లేదు, ఎక్కడైనా నూట పదకొండే. తూర్పు పడమర వెళ్ళేవాడికే తంటా. అందుకని తూర్పు పడమర లెక్క వచ్చినప్పుడల్లా, వచ్చిన డిగ్రీల్ని ఇదిగో, దీనితో భాగించాలి."

అలా అని కాగితం కుడివైపు మూలలో ఎర్రసిరాతో 0.866 అని వేసింది. అది మా ఊరి అంకె. ఆఫీసులో ఎవరైనా సరే, లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మూలలో ఎర్రసిరాతో ఆ అంకె వేయాల్సిందే. ఆ అలవాటు పెట్టింది మా మేనత్తే. అందుకే ఆఫీసులో ఆమెని ఎర్రసిరా మేడం అనేవాళ్ళు. ఆ అంకె ఏమిటో పక్కన ఎవరూ రాసేవాళ్ళు కాదు, భాగహారం కూడా విడి కాగితం మీద చేసి జవాబు మాత్రమే దించేవాళ్ళు. రాయాల్సిన పనేముంది? ఆ గదిలో అది తెలియనివాళ్ళు ఎవరున్నారు?

చదువయ్యాక నేనూ అదే ఆఫీసులో మ్యాపులు గీసే పనిలో చేరాను. తర్వాత మూడేళ్ళకి ఆమె రిటైరైంది. ఆ మరుసటి ఏడు ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. పాత లెక్కల కాగితాల్లోంచి ఒకటి నమూనాగా తీసుకుని, అందులో ఉన్న వరుసలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, దూరం దిక్కు కొడితే చాలు అంకెలు వచ్చేలా ప్రోగ్రాం తయారుచేశారు. లెక్క కట్టే గదిలో కుర్చీలు తీసేసి బీరువాలు పెట్టారు. కొత్త ఆఫీసరు అందరికీ టీలు ఇప్పించి, "ఇక తప్పు జరిగే ప్రసక్తే లేదు" అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఊరి చివర రాళ్ళ క్వారీ ఉంది. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం సైరన్ మోగించి రాయి పేలుస్తారు. క్వారీ మధ్యలో జెండా పాతిన దిమ్మె నుంచి చుట్టూ ఐదు వందల మీటర్ల దాకా ప్రమాద పరిధి అని రూలు. ఆ హద్దు మీద ఎనిమిది దిక్కులా ఎనిమిది తెల్ల స్తంభాలు ఉండాలి. ఆ లోపల ఉన్న ప్రతి ఇంటికీ సైరన్ ముందు ఎర్రజెండా మనిషి వెళ్ళి, తలుపు తట్టి, మనుషుల్ని బండెక్కించి దూరంగా తీసుకుపోవాలి. బయట ఉన్నవాళ్ళ జోలికి ఎవరూ పోరు. ఆ ఎనిమిది స్తంభాల చోట్లు మా కొత్త ప్రోగ్రాం చెప్పింది. ఆ గీత మ్యాపు మీద గీసింది నేను. ముచ్చటగా, గుండ్రంగా వచ్చింది.

తూర్పు స్తంభం అవతల ఒక సందు ఉంది. పదకొండు ఇళ్ళు. మొదటి ఇల్లు దర్జీ ఆవిడది. ఆమె భర్త పదేళ్ళు అదే క్వారీలో డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుని రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పక్కన పిడుగు పడ్డా వినబడదు. పనిలోంచి తీసేశాక, ఇంటి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని భార్య కుట్టిన బట్టలకి బొత్తాలు కుడుతుంటాడు. చెవులు తీసుకున్న క్వారీయే ఇప్పుడు సైరన్ మోగించి, విని పారిపొమ్మంటుంది. ఇంతకన్నా సిగ్గులేనితనం నేనెక్కడా చూడలేదు.

ఒక శనివారం దర్జీ ఆవిడ దిండు గలీబులు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. మా మేనత్త ఆమె మొహం చూసి, "ఏమైందమ్మాయ్, అలా పీక్కుపోయావు?" అంది.

"చావు తప్పిందక్కా మా ఆయనకి. మొన్న నేను బట్టలివ్వడానికి బజారు వెళ్ళాను. సైరన్ మోగింది. ఈయనకేం వినబడుతుంది? తల వంచుకుని బొత్తాలు కుట్టుకుంటున్నాడు. మనిషి తలకాయంత రాయొచ్చి కాళ్ళ దగ్గర పడింది. బొత్తాల డబ్బా నుజ్జునుజ్జయింది. మూరెడు ఇటు పడుంటే..." ఆమె గలీబుల మూట బల్ల మీద పెట్టింది. "మా సందుకీ ఎర్రజెండా మనిషిని పంపండి అని అర్జీ పెట్టా. మీరు పరిధికి బయట ఉన్నారు, కుదరదు అని కాగితం ఇచ్చారు."

"బయటా? మీ వాకిట్లోంచి క్వారీ జెండా కనబడుతుందా?"

"జెండా ఏంటక్కా, జెండాకి పడ్డ చిరుగు కూడా కనబడుతుంది."

మా మేనత్త నావైపు చూసింది. నేను, "కంప్యూటర్ లెక్క అత్తా, తప్పుండదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక నాకే చేదుగా ఉంటుంది.

మర్నాడు ఆదివారం. పేలుళ్ళు ఉండవు. మా మేనత్త అరవై మూడేళ్ళ వయసులో ముప్ఫై మీటర్ల స్టీలు టేపు సంచిలో వేసుకుని, గొడుగు పట్టుకుని క్వారీకి బయలుదేరింది. వెనక నేనూ, దర్జీ ఆవిడా. కాపలా అతను అడ్డొస్తే, "సర్వే" అంది. అతను సలాం కొట్టి పక్కకి తప్పుకున్నాడు. జెండా దిమ్మె నుంచి తూర్పుకి లారీల రోడ్డు తిన్నగా ఉంటుంది. నేను టేపు చివర పట్టుకుని ముందు నడిచాను. ముప్ఫై మీటర్లకి ఒకసారి దర్జీ ఆవిడ సుద్దముక్కతో గీత గీసింది. మా మేనత్త గట్టిగా లెక్కపెట్టింది. పద్నాలుగు ముప్ఫైలు, పైన పదమూడు. తెల్ల స్తంభానికి టేపు తగిలింది.

నాలుగు వందల ముప్ఫై మూడు మీటర్లు. ఐదు వందలు ఉండాల్సిన చోట.

అక్కడి నుంచి దర్జీ ఆవిడ గుమ్మానికి కొలిస్తే ఇంకో పాతిక. మొత్తం నాలుగు వందల యాభై ఎనిమిది. అంటే ఆ ఇల్లు పరిధి లోపల, నలభై రెండు మీటర్లు లోపల. ముక్కాలిపీట మీద ఆయన మమ్మల్ని చూసి నవ్వి, చేత్తో ఏమిటని అడిగాడు. ఆయన పిక్క మీద రాతిపెచ్చు కోసిన గాటు ఇంకా పచ్చిగానే ఉంది.

మా మేనత్త రోడ్డు మీదే నిలబడిపోయింది. "ఐదొందల్ని సున్నా పాయింట్ ఎనిమిది ఆరు ఆరుతో హెచ్చవెయ్యి" అంది.

వేశాను. నాలుగు వందల ముప్ఫై మూడు.

"అది నా ఎర్రసిరా అంకేనే. భాగించాల్సిన దాన్ని ఎగ్గొట్టేశారు. ఉత్తరం దక్షిణం కొలిచినట్టే తూర్పు పడమర కూడా డిగ్రీకి నూట పదకొండు వేసేశారు దరిద్రులు."

అప్పుడు నాకు నా గుండ్రటి గీత గుర్తొచ్చింది. కంప్యూటర్ తెర మీద అక్షాంశాల గడులూ రేఖాంశాల గడులూ ఒక్క కొలతలోనే ఉంటాయి. అందుకని అది నున్నగా సున్నాలా కనబడింది. నేల మీద అది రెండు పక్కలా నొక్కేసిన సున్నా. ఉత్తరానా దక్షిణానా ఐదు వందలు సరిపోయింది. తూర్పునా పడమరా అరవై ఏడు మీటర్లు తరిగిపోయింది. మూలల్లో ముప్ఫైకి పైగా తరిగింది. గొడుగు పాఠం విన్నదాన్ని, నేనెలా చూసుకోలేదు? గుండ్రంగా ఉంటే సరిగ్గా ఉన్నట్టే అనుకున్నాను.

సోమవారం ఆఫీసరు గదికి వెళ్ళాం. ఆయన మా మేనత్తకి కుర్చీ చూపించి, కళ్ళు మాత్రం తెర మీద నుంచి తిప్పలేదు.

"మేడం, కంప్యూటర్ వేసిన లెక్క అది. మీ టేపు పాతది కదా, సాగుంటుంది."

"అరవై ఏడు మీటర్లు సాగడానికి అదేమన్నా రబ్బరు నాడానా బాబూ?" అంది మా మేనత్త. "ఆ నమూనా కాగితం తెప్పించు."

తెప్పించారు. పాతదై పసుపురంగుకి తిరిగిన కాగితం. కుడి మూలలో ఎర్రగా 0.866. కింద మా మేనత్త సంతకం. ప్రోగ్రాంలోకి ఎక్కించిన ఉద్యోగిని పిలిచారు. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఫైలు నంబరు అనుకున్నాం సార్. ప్రతి కాగితం మీదా ఒకటే ఉంది కదా" అన్నాడు.

ప్రతి కాగితం మీదా ఒకటే నంబరు ఉంటే అది ఫైలు నంబరు ఎలా అవుతుందిరా అని నేను అరిచాను. అవును, ఆఫీసులో, ఆఫీసరు ముందే, "రా" అని. మా మేనత్త నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆఫీసరు చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించింది దర్జీ భర్త గురించి కాదని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. చివరికి గొంతు తగ్గించి, "చూడండి మేడం. ప్రోగ్రాం తప్పని రాస్తే పైనుంచి విచారణ వస్తుంది. ఏడాది పడుతుంది. అదే, మూల కాగితంలోనే లోపం ఉందని మీరు ఒక ముక్క రాసిస్తే, నా అధికారంతో వారంలో స్తంభాలు జరిపిస్తా. మీరెలాగూ రిటైరయ్యారు. మీకు పోయేదేముంది?" అన్నాడు.

పోయేదేముందట! ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రాయి తప్పు పాతించని మనిషికి ఆమె పేరు తప్ప ఇంకేముంది పోవడానికి? నేను కుర్చీ వెనక్కి తోసి లేచాను. "రాయొద్దత్తా. ఒక్క అక్షరం రాయొద్దు."

మా మేనత్త నన్ను పట్టించుకోలేదు. "మళ్ళీ పేలుడు ఎప్పుడు?" అని అడిగింది.

"రేపు" అన్నాడు ఆఫీసరు.

"రేపటి నుంచే ఆ సందుకి ఎర్రజెండా మనిషి వెళ్ళాలి. స్తంభాల సంగతి తర్వాత."

"పంపిస్తా."

"జరిపేది తూర్పు స్తంభం ఒక్కటే కాదు. ఆరు జరపాలి."

"పడమర నుంచి ఎవరూ అర్జీ పెట్టలేదు కదా మేడం?"

"రాయి కూడా అర్జీ చూసుకునే ఎగురుతుందా?" అంది మా మేనత్త. "తెల్లకాగితాలు ఇప్పించు. ఎనిమిది చోట్లూ ఇప్పుడే లెక్క కట్టి ఇస్తా. నువ్వడిగిన కాగితం కూడా ఇస్తా. ఎర్రసిరా ఉందా, అదీ పారేశారా?"

ఆమె రాయడం చూడలేక నేను బయటికి వచ్చేశాను. వరండాలో నీళ్ళ కుండ దగ్గర నిలబడి ఏడ్చాను. కోపంతో ఏడుపు వస్తే ఆపుకోవడం నాకు చేతకాదు.

ఆఫీసరు మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం ఎర్రజెండా మనిషి సందులోకి వచ్చాడు. దర్జీ ఆవిడ భర్తకి ఎదురుగా నిలబడి, భుజం తట్టి, బండి చూపించాడు. ఆయన సూది చొక్కాకి గుచ్చి లేచాడట. వారం తిరిగేసరికి ఆరు స్తంభాలూ జరిగాయి. మా మేనత్త తూర్పు రోడ్డంతా మళ్ళీ టేపుతో కొలిచి వచ్చింది. పదహారు ముప్ఫైలు, పైన ఇరవై. ఆ పూట ఆమె మొహం కళకళలాడింది. ఆ వెలుగు చూసి నాకు ఇంకా మండింది.

"ఎందుకు రాశావత్తా? నీ తప్పని ఊరంతా అనుకోవడానికా?"

"కొంత తప్పు నాదేనే" అంది ఆమె, టేపు గుడ్డతో తుడుస్తూ. "అంకె వేశాను గానీ అదేమిటో పక్కన రాయలేదు. నా తర్వాత వచ్చేవాడికి ఎలా తెలుస్తుంది అని ఏనాడూ అనుకోలేదు."

"అడిగుండొచ్చుగా వాళ్ళు! రెండు వీధుల అవతలే ఉన్నావుగా!"

"అడగొచ్చు. అడగలేదు. దానికి నేనేం చెయ్యను?" అని ఇంకేదో చెప్పబోయింది. "ఆ కాగితంలో నేను రాసింది..." నేను వినలేదు. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆ కాగితం ఊసు మా మధ్య రాలేదు. రెండేళ్ళకి ఆమె నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆఫీసు నుంచి ఒక దండ వచ్చింది. దాన్ని తెచ్చిన అతను గుమ్మంలో నిలబడి పక్కవాడితో, "క్వారీ స్తంభాలు తప్పు పాతించింది ఈవిడే" అనడం నా చెవిన పడింది.

ప్రోగ్రాం సంగతి చెప్పనేలేదు కదూ. దాన్ని దిద్దలేదు. నేను రెండుసార్లు రాసి ఇచ్చాను. రెండుసార్లూ ఒకే జవాబు. "తప్పు ప్రోగ్రాంలో లేదు, మూల కాగితంలో ఉందని ఫైల్లో తేలింది కదమ్మా." చిన్నచిన్న పనులొస్తే నేనే గుట్టుగా ఎర్రసిరా అంకెతో సరిచేసి గీసేదాన్ని. అలా గుట్టుగా సరిచేయడం కూడా తప్పేనని నాకు తట్టలేదు.

పోయిన వారం నా బల్ల మీదికి కొత్త క్వారీ కాగితం వచ్చింది. ఎనిమిది చోట్లు, ప్రోగ్రాం అంకెలు. నేను ఎర్రసిరా అంకెతో లెక్క కట్టి చూశాను. పడమర వైపు నాలుగు వందల డెబ్భై మీటర్ల దగ్గర చిన్నపిల్లల బడి ఉంది. ప్రోగ్రాం గీత ప్రకారం అది బయట. పాత ఫైలు చూపిస్తే తప్ప వినరని బీరువాలోంచి దాన్ని తీశాను. మొదటి పేజీలోని ఆ వాక్యాన్ని దాటి, అన్నిటికన్నా అడుగున, దారంతో కుట్టిన మా మేనత్త కాగితం దాకా వెళ్ళాను. నాలుగేళ్ళలో నేనూ ఎప్పుడూ అది తెరవలేదు. కోపం వచ్చిందని చదవడం మానేశాను.

మొదటి వాక్యం ఆఫీసరు అడిగినట్టే ఉంది. నా పొరపాటు వల్ల అని. దాని కింద, ఎర్రసిరాతో, ఇలా ఉంది.

"నా పొరపాటు ఏమిటంటే, మూలలో వేసిన అంకె ఏమిటో పక్కన రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. 0.866 మన ఊరి తూర్పు పడమరల అంకె. తూర్పుకి గానీ పడమరకి గానీ లెక్క కట్టేటప్పుడు, వచ్చిన డిగ్రీలను దీనితో భాగించాలి. ప్రోగ్రాంలో ఇది లేదు. ఇది చేర్చేవరకు అది చెప్పిన ఏ చోటునూ నమ్మవద్దు."

ఆఫీసు ముద్ర సరిగ్గా ఈ వాక్యాల మీదే పడి ఉంది. ముద్ర వేసినవాడు కూడా చదవలేదు.

ఫైలు పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. అదే ఆఫీసరు. "ఇది పైకి చదవండి సార్" అన్నాను.

ఆయన మొదటి వాక్యం చదివి ఆగి, "ఇది తెలిసిందే కదమ్మా" అన్నాడు.

"కిందది."

చదివాడు. చదవడం అయ్యాక నీళ్ళు తాగాడు. "పైకి రాస్తానులే. ఈలోగా నువ్వు ఆ కొత్త క్వారీ గీత గీసెయ్, తేదీ దగ్గరపడుతోంది."

"గీయను సార్. ఇది ప్రోగ్రాంలో చేరాలి. మొదటి పేజీలో ఆ వాక్యం కొట్టేసి, తప్పు ఎక్కడుందో రాయాలి. అప్పటిదాకా గీయను."

మ్యాపు లేకుండా మొదటి పేలుడు పేల్చకూడదని రూలు. ఆ రూలు పెట్టినవాడెవడో గానీ చల్లగా ఉండాలి. ఈ వారంలో నన్ను ముగ్గురు పిలిచి బుజ్జగించారు, ఒకరు బెదిరించారు. మ్యాపు ఇంకా నా బల్ల మీదే ఉంది, గీత లేకుండా. దాని కుడి మూలలో ఎర్రసిరాతో మా ఊరి అంకె వేశాను. పక్కన అదేమిటో, దానితో ఏం చేయాలో, అది ఎవరు నేర్పారో మూడు వరుసల్లో రాశాను. కింద నా సంతకం పెట్టాను.